ఒక్క గుమ్మం బాబాయి

బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎక్కడికి వెళ్ళినా ఒకే మనిషిగా వెళ్ళాలంటాడు.

ఇందులో పిచ్చేముంది, అందరం వెళ్ళేది అలాగే కదా అని మీరనవచ్చు. ఒక్కసారి మీ ఫోను తీసి చూసుకోండి. రైలు టిక్కెట్ల దగ్గర మీకొక ఖాతా, కరెంటు ఆఫీసు దగ్గర ఇంకొకటి, మందుల కొట్టుకి ఒకటి, చెప్పుల కొట్టుకి ఒకటి. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డు. అందులో అంకె ఉండాలంటాడు ఒకడు, చుక్క ఉండాలంటాడు ఇంకొకడు, మూడు నెలలకోసారి మార్చి తీరాలంటాడు మరొకడు. అవన్నీ గుర్తుపెట్టుకోలేక మనం ఏదో పెద్ద కంపెనీ బొత్తాం నొక్కి, నేనెవరో వాళ్ళనే అడగండి అని చేతులు దులుపుకుంటాం. బాబాయి మాత్రం దులుపుకోడు.

"నేనెవరో మా ఇంట్లో అడగాలి గానీ, దారినపోయే కంపెనీని అడగడమేమిటి?" అంటాడు.

ఆయన పద్ధతి ఇదీ. ఇంటర్నెట్‌లో ఆయనకొక సొంత చిరునామా ఉంది. దాన్ని నడిపే మిషను, అంటే ఒక కంప్యూటరు, ఆయన గదిలోనే, బీరువా పక్కన, పిన్ని అంచు కుట్టిన గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంటుంది. ఏ సైటుకి వెళ్ళినా ఆయన ఖాతా తెరవడు. ఆ చిరునామా ఒక్కటే రాస్తాడు. ఆ సైటు వెంటనే ఇంట్లో ఉన్న మిషనును అడుగుతుంది, ఇక్కడొకాయన మీ ఇంటివాణ్ణంటున్నాడు నిజమేనా అని. మిషను బాబాయి దగ్గర రహస్యం మాట అడిగి, సరిచూసుకుని, "ఈ మనిషి నాకు తెలుసు" అని జవాబిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. పాస్‌వర్డు ఒక్కటే, అదీ ఇల్లు దాటి బయటకు పోదు. మధ్యలో ఏ కంపెనీకీ పెత్తనం లేదు. పద్నాలుగేళ్ళ కిందట ఇలాంటి చిరునామాలను రానిచ్చే సైట్లు బోలెడుండేవి. ఒక్కొక్కటీ మానేశాయి. బాబాయి మానలేదు.

బాబాయి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్లు కలిపి కలిపి రిటైరైన మనిషి. ఎక్స్ఛేంజీ అన్నది ఆగకూడదని ఒకటి, ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో బయట చెప్పకూడదని ఇంకొకటి, ఈ రెండు నియమాలూ అక్కణ్ణుంచి ఇంటికి తెచ్చుకున్నాడు. పింఛను కన్నా వాటినే ఎక్కువ జాగ్రత్తగా దాచుకున్నాడని పిన్ని అంటుంది.

చెప్పుల కొట్టులో జరిగినదానికి పాపాయే సాక్షి. పాపాయి అంటే బాబాయికి అన్న కూతురు. వయసు ముప్ఫై నాలుగు, నగర గ్రంథాలయంలో కంప్యూటర్ల విభాగం మొత్తం ఆమే, అయినా ఇంట్లోనూ వీధిలోనూ ఇప్పటికీ పాపాయే. ఆ రోజు బాబాయి ఒక జత చెప్పులు తొడుక్కుని, నాలుగడుగులు వేసి, బాగున్నాయన్నాడు. కౌంటరు దగ్గరమ్మాయి ఫోన్ నెంబరు అడిగింది.

"ఎందుకమ్మా?"

"ఖాతా తెరవాలి సార్. తెరిస్తేనే బిల్లొస్తుంది."

"చెప్పులు నాక్కావాలి. మా ఫోనుకు కాళ్ళు లేవు."

"సిస్టం అడుగుతోంది సార్."

"మీ సిస్టంలో ‘సొంత చిరునామాతో రండి’ అని ఒక పెట్టె ఉంటుంది చూడమ్మా. మూలన ఉంటుంది. చిన్నది."

ఆ అమ్మాయి మంచిది. నిజంగానే అయిదు నిమిషాలు వెతికింది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. పాపాయి నేల చూపులు చూస్తూ, నేను ఈయన తాలూకు కాదు అన్నట్టు పక్కనున్న బూట్ల ధరలు చదవసాగింది. చివరికి బాబాయి కొత్త చెప్పులు విప్పి, ఆ అమ్మాయికి నమస్కారం పెట్టి, తీగతో కట్టిన పాత చెప్పులతోనే ఇంటికొచ్చాడు.

"చెప్పులేవండీ?" అంది పిన్ని.

"వాళ్ళ గుమ్మం చిన్నది" అన్నాడు బాబాయి.

బట్టలుతికే మిషను కొనడానికి పదకొండు నెలలు పట్టింది, చేత్తో బిల్లు రాసే కొట్టు దొరకాలి కనుక. ఆ పదకొండు నెలలూ బట్టలు బాబాయే ఉతికాడు. ఆ షరతు మీదే పిన్ని ఊరుకుంది. ఆదివారం పూట పెరట్లో దుప్పటి పిండుతూ కూడా, సిద్ధాంతం అంటే ఇలాగే ఉంటుంది అనేవాడు. దుప్పటికి రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ దొరక్క, గుంజకు కట్టి పిండేవాడు.

ఇక సొంత ఇంటి తలుపు సంగతి. ఎవరైనా కొడితే లోపల్నించి "ఎవరూ?" అంటాడు. "నేనే" అంటే తియ్యడు. నేనే అని అందరూ అంటారు, ఆ మాటలో కొత్త సంగతేముంది అంటాడు. ఒకసారి పిన్ని రెండు చేతులా సంచులతో బజారు నుంచి వచ్చింది.

"నేనేనండీ, తలుపు తియ్యండి!"

"నేనే అంటే?"

"మీ ఖర్మ!"

"అలా సరిగ్గా చెప్పాలి" అని తీశాడు.

ఇన్ని చెప్పి మిషను సంగతి చెప్పకపోతే బాబాయికి కోపమొస్తుంది. ఆయన దగ్గర ఎవరైనా ఆరోగ్యం గురించి అడిగినా, వానల గురించి అడిగినా, మూడో మాటకల్లా "పద్నాలుగేళ్ళు. ఒక్క క్షణం ఆగలేదు" అనే చోటికి వచ్చేస్తాడు. కరెంటు పోతే బ్యాటరీ. బ్యాటరీకి ఇంకో బ్యాటరీ. ఆ మిషను లోపలి ఫ్యాను ముసలి మనిషి గురకలా గర్రుమంటూ ఉంటుంది. రాత్రిళ్ళు రెండు గురకల మధ్య పడుకుంటున్నానని, ఆ రెండింటిలో మిషనుదే కాస్త నయమని పిన్ని ఫిర్యాదు.

ఇంటికి రంగులు వేయించినప్పుడు దాన్ని ఆపకుండానే గది మార్చారు. ముందు బాబాయి మిషనును గుండెలకు హత్తుకుని, వెనక పాపాయి బ్యాటరీ మోస్తూ, మధ్యలో పిన్ని తీగలు ఎత్తిపట్టి, ముగ్గురూ అడుగులో అడుగు వేసుకుంటూ వరండా దాటారు. సగం దూరంలో రంగు వాసనకు పిన్ని ముక్కు ఎగబీల్చింది.

"తుమ్మకు!" అని కేకేశాడు బాబాయి.

పిన్ని తుమ్మలేదు. అవతలి గదిలో మిషను దించాక, తీగలు వదిలి, పెరట్లోకి వెళ్ళి ఏడుసార్లు తుమ్మింది.

అప్పటికి పాపాయికి ఇరవై రెండేళ్ళు. అంతకు రెండేళ్ళ ముందే బాబాయి తన చిరునామా పక్కనే ఆమెకూ ఒక చిరునామా కట్టిచ్చాడు, పెద్దింట్లో ఒక గది ఇచ్చినట్టు. రహస్యం మాట ఆమె పెట్టుకుంటుంటే గోడకేసి తిరిగి రెండు చెవులూ మూసుకున్నాడు. టైపు చేసేదానికి చెవులెందుకు మూసుకోవాలో అర్థంకాక పాపాయి నవ్వింది. రెండేళ్ళు బాగానే వాడింది. మొదటి ఉద్యోగంలో చేరాక, తోటివాళ్ళు ఆ చిరునామా చూసి, ఏమిటీ, మీ ఇంటి నుంచి ఉత్తరం పట్టుకొస్తేగానీ లోపలికి రావా అని నవ్వారు. పాపాయి కూడా అందరిలాగే పెద్ద కంపెనీ బొత్తాం నొక్కడం మొదలుపెట్టింది. ఆ మాట బాబాయికి చెప్పడానికి వారం రోజులు గొంతు సవరించుకుంది.

"సరే" అన్నాడు బాబాయి. "నీ తలుపు నీకు తీసే ఉంటుంది." ఆ తర్వాత మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ సైట్లు ఒక్కొక్కటీ ఆ మూలపెట్టె తీసేస్తూ వచ్చాయి. బాబాయి పొద్దున్నే పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, చావుకబురు చెప్పినట్టు చెప్పేవాడు.

"ఇవాళ తోటపనివాళ్ళ సైటు తలుపేసింది."

"అయ్యో, ఏమైందిట?" అనేది పిన్ని పొయ్యి దగ్గర్నుంచే.

"యాజమాన్యం మారింది."

చివరికి లోకం మొత్తంమీద మిగిలింది నగర గ్రంథాలయం ఒక్కటే. పాఠకులు తాము చదివిన పుస్తకాల జాబితా దాచుకోవడానికీ, ఒక్కో పుస్తకం గురించి నాలుగు మాటలు రాసుకోవడానికీ గ్రంథాలయం సైటులో వీలుంది. ఎప్పుడో పనిచేసి వెళ్ళిపోయిన ఎవరో మహానుభావుడు దాని గుమ్మంలో ఆ మూలపెట్టె కూడా పెట్టాడు. బాబాయి దాన్ని తలుచుకుని పొంగిపోయేవాడు.

"మర్యాద తెలిసిన చోటమ్మా మీది. రమ్మంటారే గానీ, జాతకం అడగరు."

పాపాయి ఆ పొగడ్తకు మాట మార్చేసేది. ఆఫీసులో ఆ పెట్టె ఒక నవ్వులాట అయిపోయిందని ఆయనకు తెలియదు.

సైటు మొత్తం కొత్తదానిలోకి మార్చే రోజులొచ్చాయి. సూపరింటెండెంటుగారు పాపాయిని పిలిచారు.

"ఆ మూలన ఏదో పెట్టె ఉంది కదమ్మా, సొంత చిరునామా అని. ఎవరైనా వాడుతున్నారా?"

"ఒకాయన వాడతారు సార్" అంది పాపాయి, ఆ ఒకాయన తనకేమవుతాడో చెప్పకుండా.

"ఒకాయన కోసం పెట్టె మొయ్యలేం. పదిమంది ఉన్నారంటే కొత్తదాంట్లో కూడా పెట్టిద్దాం. చూసి రాసివ్వు."

చూస్తే పంతొమ్మిది మంది ఉన్నారు.

పాపాయి ముందు ఎగిరి గంతేసింది. తర్వాత దగ్గరగా చూసి కూర్చుండిపోయింది. పంతొమ్మిది చిరునామాలూ బాబాయి చిరునామా కిందే ఉన్నాయి. పంతొమ్మిది మందీ ఆదివారం పొద్దున్న ఏడింటికీ తొమ్మిదింటికీ మధ్యే వస్తారు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ఒకే ఇంటి నుంచి. ఒకడు దర్జీనంటాడు, ఒకావిడ నర్సునంటుంది, ఒకడు లారీ నడుపుతానంటాడు. వాళ్ళు పుస్తకాల గురించి రాసిన మాటలు తీసి చదివింది. ఓడల గురించైనా, గుండెజబ్బుల గురించైనా, ప్రతి రాతా ఒకే వాక్యంతో ముగుస్తోంది: "పై మాటలు నావే."

అది బాబాయి వాక్యం. ఎక్స్ఛేంజీలో ఇతరుల అర్జీలు రాసిపెట్టిన రోజుల నుంచీ, పాలవాడికి రాసిన చీటీలో కూడా చివర అదే రాసేవాడు.

పాపాయికి మొత్తం అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందని అనుకుంది. పెట్టెను బతికించుకోవడానికి బాబాయి ఆదివారం ఆదివారం కూర్చుని, పద్దెనిమిది దొంగ మీసాలు మార్చి మార్చి పెట్టుకుంటున్నాడు! ఒకే మనిషిగా వెళ్ళాలని ఊరంతా ఉపదేశించిన మనిషి! నవ్వొచ్చింది, ఆ వెంటనే తల కొట్టేసినట్టయింది. ఈ సంగతి సూపరింటెండెంటుగారి కంటపడితే బాబాయి పరువేం కాను, తన పరువేం కాను? ఎవరికీ తెలియకుండా తానే తేల్చేయడం మంచిదనుకుంది. కాగితం మీద ఇలా రాసి సంతకం పెట్టింది: "నిజమైన పాఠకుడు ఒక్కరే. మిగిలిన పద్దెనిమిది పేర్లూ కల్పితాలు." కల్పిత ఖాతాలను వాటి రాతలతో సహా తీసేయాలని నియమం. తీసేసింది. పెట్టె కూడా పోయింది. పాత డిస్కులు శనివారం సాయంత్రమే తుడిచి వెనక్కి పంపించేశారు.

గ్రంథాలయం నుంచి బాబాయి ఇంటికి ఇరవై నిమిషాల నడక. వెళ్ళి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ ఇరవై నిమిషాలు నడవనందుకు పాపాయి ఈ రోజుకీ తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఆ ఆదివారం ఆమె బాబాయి ఇంటి వైపు కూడా వెళ్ళలేదు. తలనొప్పి అని పిన్నికి ఫోన్ చేసి చెప్పింది.

మంగళవారం మధ్యాహ్నం, మెడలో టేపుతో ఒక మనిషి ఆమె కౌంటరు ముందు నిలబడ్డాడు. బాబాయి వీధి మొదట్లో కొట్టున్న దర్జీ. చేతిలో ఓడల ప్రయాణాల పుస్తకం ఉంది.

"పాపాయమ్మా, ఇది నేను చదివానో లేదో కాస్త చెప్తావా?"

"చదివారో లేదో నాకెలా తెలుస్తుందండీ?"

"ఇన్నాళ్ళూ మీ కంప్యూటరే చెప్పేది కదమ్మా. మూడువందల పన్నెండు పుస్తకాలు రాయించాను. బాబాయిగారి గుమ్మంలో."

పాపాయి చేతిలో పెన్ను కింద పెట్టింది.

"మీరు... మీరే రాయించేవారా?"

"నేను చెప్పేవాణ్ణి, ఆయన టైపు కొట్టేవారు. అక్షరం మార్చనిచ్చేవాణ్ణి కాదు. చివర్లో అడిగేవారు, పై మాటలు నీవేనా అని. నావేనండీ అంటే, అదీ కొట్టేవారు."

"నేరుగా ఇక్కడే ఖాతా తెరుచుకోవచ్చు కదండీ?"

"తెరవబోతే ఫోనుకు అంకెలొస్తాయి, చెప్పమంటారు. మా ఇంట్లో అయిదుగురికి ఒకటే ఫోను. అది ఎప్పుడు ఎవరి జేబులో ఉంటుందో నాకేం తెలుసు? ఆ వీధిలో సగం మంది సంగతి ఇంతే. బాబాయిగారి దగ్గరైతే ఫోనక్కర్లేదు. ఎవరూ అంటారు, నేను ఫలానా అంటాను. రహస్యం మాట కొట్టమని, ఆయన గోడకేసి తిరిగి చెవులు మూసుకుంటారు."

"చెవులెందుకండీ?"

"ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడతాం కదమ్మా, పైకి అనుకుంటూ కొడతాం."

పాపాయికి నవ్వు రాలేదు.

"ఇప్పుడదంతా పోయిందిలే" అన్నాడు దర్జీ. "మొన్న ఆదివారం బాబాయిగారు ఇంటింటికీ వచ్చారు. పద్దెనిమిది ఇళ్ళు. మిషను ఆగిపోయిందట, అందరి రాతలూ అందులోనే పోయాయట. తప్పు నాదేనయ్యా, సరిగ్గా చూసుకోలేకపోయాను అని చేతులు పట్టుకున్నారు. అంత పెద్దాయన! మాకే సిగ్గేసింది."

మిషను ఆగిపోయిందని బాబాయి చెప్పాడు! కరెంటు వాళ్ళూ, వానలూ, పిన్ని తుమ్మూ ఆపలేని మిషను! పాపాయి సూపరింటెండెంటుగారి గదిలోకి పరుగెత్తింది. డిస్కుల కోసం ఫోన్లు చేయించింది. అవి తుడిచినవి తుడిచినట్టే ఉన్నాయి. తెల్లకాగితం మీద రాసిచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆమె సెలవు చీటీ బల్ల మీద పడేసి, ఆ ఇరవై నిమిషాల దారినీ పన్నెండు నిమిషాల్లో నడిచింది.

తలుపు పిన్ని తీసింది. లోపల మిషను గర్రుమని ఎప్పట్లాగే గురకపెడుతోంది. బాబాయి దాని పక్కనే కూర్చుని పాత చెప్పుకి కొత్త తీగ చుడుతున్నాడు.

"తలనొప్పి తగ్గిందా?" అన్నాడు.

"మిషను ఆగిపోయిందని ఎందుకు చెప్పావు బాబాయ్?"

"నెమ్మదిగా మాట్లాడు. అది వింటుంది."

"బాబాయ్!"

"మరేం చెప్పను? ఆదివారం పొద్దున్నే పెట్టె లేదు, పేర్లు లేవు. మీ గ్రంథాలయానికి రాశాను. కల్పిత ఖాతాలని మా కంప్యూటర్ల విభాగం తేల్చింది అని ఆ గంటలోనే జవాబొచ్చింది. మీ విభాగంలో నువ్వు కాక ఇంకెవరున్నారు?"

పాపాయి గడప మీదే కూలబడింది. పిన్ని మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పక్కన నిలబడింది.

"మిషను చెడిందంటే దానికి పోయేదేముంది?" అన్నాడు బాబాయి. "అది గది దాటి బయటకు వెళ్ళదు. నువ్వు రోజూ ఈ వీధివాళ్ళకు మొహం చూపించాలి."

"నన్ను తిట్టవేం బాబాయ్? వచ్చి ఒక్కమాట అడగొచ్చు కదే అని తిట్టు."

"ఎలా తిట్టను? వీళ్ళంతా వస్తారని నేను నీకెప్పుడైనా చెప్పానా? ఎవరొచ్చేదీ బయట చెప్పకూడదనుకున్నాను. కాస్త చెప్పుంటే బాగుండేది. అందులో నా తప్పూ ఉంది."

పెళ్ళయ్యాక బాబాయి నోట ‘నా తప్పు’ అనే మాట పిన్ని విన్నది ఆ వారంలోనే మొదలు. అది రెండోసారట. లెక్క ఆవిడే చెప్పింది.

ఆయన ఎందుకు ఇన్నాళ్ళూ ఇంకో తలుపు తట్టలేదో పాపాయికి అప్పుడు తెలిసింది. బాబాయి ఒక్కడి కోసమైతే ఎక్కడో ఒక ఖాతా తెరుచుకుని, చెప్పులు కొనుక్కుని, హాయిగా ఉండేవాడు. ఆయన మారితే మిషను ఎవరికోసం తిరుగుతుంది? అది ఆగితే ఆ పద్దెనిమిది మందినీ, వీళ్ళు నాకు తెలుసు అని చెప్పేవాళ్ళెవరు? ఇవన్నీ బాబాయి చెప్పలేదు. ఆయన తీగ చుట్టుకుంటుంటే పిన్ని చెప్పింది. పాపాయి వింటూ, చెప్పుల కొట్టులో తాను చదివిన బూట్ల ధరలు గుర్తుచేసుకుని తల దించుకుంది.

"ఆదివారం వచ్చి అందరికీ నేనే చెప్తాను" అంది.

"వద్దు" అన్నాడు బాబాయి. "నేనొకటి చెప్పొచ్చాక నువ్వొకటి చెప్తే, నేను అబద్ధాలకోరునవుతాను."

"అవ్వండి మరి" అంది పిన్ని. "పిల్ల తన మాట తాను చెప్పుకుంటానంటుంటే, మధ్యలో మీరెవరు? ఊరంతా మీరు చెప్పేదీ అదేగా?"

బాబాయి మళ్ళీ చెప్పుకి తీగ చుట్టడంలో పడ్డాడు.

ఆదివారం ఏడింటికి పాపాయి తలుపు కొట్టింది. పెట్టె లేదని తెలిసినా వాళ్ళంతా అలవాటు కొద్దీ వచ్చి కూర్చున్నట్టున్నారు, లోపల్నించి మాటలు వినపడుతున్నాయి.

"ఎవరూ?" అన్నాడు బాబాయి.

పాపాయి ‘నేనే’ అనలేదు. "మిషను ఆగలేదు. అందరి పేర్లూ తీసేసినదాన్ని నేను" అంది, తలుపు బయటే నిలబడి, లోపలివాళ్ళకు వినపడేలా.

తలుపు తెరుచుకుంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. కల్పితాలని తాను రాసిన సంగతీ, అడగకుండా రాసిన సంగతీ, డిస్కుల సంగతీ. దర్జీ మెడలో టేపు సవరించుకుంటూ కూర్చున్నాడు. నర్సమ్మ నోరు విప్పింది. బాబాయికన్నా అయిదేళ్ళు పెద్దదైనా ఆవిడా ఆయన్ను బాబాయిగారనే అంటుంది.

"ఏ పుస్తకం ఏ వార్డులో ఎవరికి చదివి వినిపించానో రాయించుకున్నానమ్మా. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. పేర్లు గుర్తుకు రావడంలేదు. అవి మాత్రం పోయినట్టే."

పాపాయి తల ఊపింది.  

"మిషను ఆగలేదని మాత్రం కొత్తగా చెప్పక్కర్లేదు" అంది నర్సమ్మ మళ్ళీ. "మా కిటికీలోకి దాని గురక వినపడుతూనే ఉంది. పోయిన ఆదివారం ఈయన మా గుమ్మంలో నిలబడి ఆగిపోయిందమ్మా అంటుంటే కూడా వినపడుతోంది."

"మా కొట్లోకీ వినపడింది" అన్నాడు దర్జీ. "బాబాయిగారు అంతలా చెప్తున్నారంటే ఏదో ఉందిలే అని ఊరుకున్నాం."

బాబాయి కుర్చీలోంచి లేచాడు. "అంటే, నా మిషను ఆగిందంటే మీరెవరూ నమ్మలేదా?"

"పద్నాలుగేళ్ళుగా చెవులు చిల్లులు పడేలా చెప్పి, ఇప్పుడు నమ్మమంటే ఎలా నమ్ముతామండీ?"

బాబాయి ఒక్కొక్కళ్ళ మొహం చూస్తూ గదంతా తిరిగాడు. అబద్ధం బయటపడ్డందుకు సిగ్గుపడాలో, మిషను పరువు దక్కినందుకు పొంగిపోవాలో తేల్చుకోలేక, చివరికి పొంగిపోయాడు. "చూశావా?" అన్నాడు పిన్నితో. ఆ రోజు ఆ మాట ఆవిడతో పదిసార్లన్నా అని ఉంటాడు.

గ్రంథాలయంలో ఆ పెట్టె మళ్ళీ రాలేదు. పాపాయి మూడుసార్లు రాసింది, తన తప్పు ఒప్పుకుంటూ రాసింది. చూద్దాం అన్నారు. అందుకని జాబితాలన్నీ ఇప్పుడు బాబాయి మిషనులోనే మళ్ళీ మొదటి నుంచీ రాస్తున్నారు. ఆదివారాలు టైపు కొట్టేది పాపాయి. దర్జీ మూడువందల పన్నెండులో ఇప్పటికి డెబ్భై నాలుగు గుర్తుచేసుకున్నాడు. ఏదైనా పుస్తకం తీసుకెళ్ళి నలభయ్యో పేజీకి వచ్చాక, అరే ఇది చదివిందే అని నాలుక కరుచుకుంటూ వెనక్కి తెస్తాడు. ఆయన అలా వచ్చిన ప్రతిసారీ పాపాయి ఆ పుస్తకం పేరు చీటీ మీద రాసి ఆదివారానికి దాచుకుంటుంది. నర్సమ్మ ఒక్కో ఆదివారం ఒక పేరు తెస్తుంది, ఒక్కో ఆదివారం ఊరికే వచ్చి కూర్చుని వెళ్తుంది.

మొదటి ఆదివారం అందరూ వెళ్ళాక, పాపాయి మిషను ముందు కూర్చుంది.

"అందరికీ రాసిపెట్టాలంటే నాకూ ఒక చిరునామా కావాలి బాబాయ్. కొత్తది కట్టిస్తావా?"

"కొత్తదెందుకు? పాతది ఉంది కదా."

"పన్నెండేళ్ళయింది. అది ఉందా ఇంకా?"

"తీసే ఉంటుందని చెప్పానా లేదా?" అని బాబాయి గోడకేసి తిరిగి రెండు చెవులూ మూసుకున్నాడు.

రహస్యం మాట గుర్తుందో లేదోనని పాపాయికి భయమేసింది. వేళ్ళు ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ వెళ్ళాయి. తనకు తెలియకుండానే ఆమె ఆ అక్షరాలు పైకే అంటోంది. చివరి అక్షరం కొట్టింది. మిషను కాసేపు గురకపెట్టి, ఆలోచించి, తెర మీద ఒక వాక్యం చూపించింది.

"ఈ మనిషి నాకు తెలుసు."

పాపాయి ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుండిపోయింది. వెనక నుంచి బాబాయి, గోడకేసి తిరిగే, "తెరుచుకుందా?" అన్నాడు.

"తెరుచుకుంది బాబాయ్."

"ఏమిటీ?"

"తెరుచుకుంది!"

"గట్టిగా చెప్పవే, చెవులు మూసుకున్నాను కదా!"